పొద్దంతా సెగలు, రాత్రంతా చెమట: మెనోపాజ్‌లో ఇది ఇంకెన్నాళ్లు?

మిల్లు_లెక్కలు (మిర్యాలగూడ)
నాకు 48 ఏళ్లు. నెలసరి ఓ నెల వస్తే రెండు నెలలు ఎగ్గొడుతోంది. దానితో బాధ లేదు గానీ ఈ సెగలతోనే చస్తున్నా. రైస్‌మిల్లు ఆఫీసులో లెక్కలు రాస్తుంటా. ఎదురుగా లారీ వాళ్లు, దళారులు, గుమస్తాలు, అంతా మగవాళ్లే. మాట్లాడుతుండగానే గుండెల దగ్గర సుర్రున మొదలై మెడ మీదుగా చెవులదాకా పాకుతుంది. ముఖం ఎర్రబడుతుంది, జాకెట్టు వీపుకి అతుక్కుంటుంది, బొట్టుబిళ్ల జారి ముక్కు మీదికొస్తుంది. కాసేపటికి తగ్గి, ఒళ్లంతా సల్లబడి చలి పుడుతుంది. "మేడం, బీపీ చూపించుకోండి" అని లారీ డ్రైవర్లు కూడా సలహాలిస్తున్నారు. రాత్రి నిద్రలో లేచి జాకెట్టు మార్చుకోవాల్సి వస్తోంది. అమ్మేమో "వేడి చేసింది, సబ్జా నానబెట్టుకో" అంటుంది. అత్తమ్మేమో "మాకూ వచ్చినయ్, మేమేమన్నా దవాఖానకి పోయినమా" అంటుంది. ఇది ఎన్నాళ్లుంటుంది? మందేమన్నా ఉందా, నిజంగానే ఓర్చుకోవడమేనా?

జొన్నరొట్టె
బార్లీ నీళ్లు, మజ్జిగ. చికెన్ బంద్. వారంలో తేడా తెలుస్తుంది.

సాగర్_కట్ట
మే నెలలో మన నల్లగొండలో ఎవరికి లేవమ్మా సెగలు? మగవాళ్లకి కూడా మెనోపాజే.

మిల్లు_లెక్కలు
నాకు మొదలైంది డిసెంబర్ చలిలో, సాగర్ గారూ.

టీచరమ్మ_జడ్చర్ల
నాది తొమ్మిదో తరగతి, మధ్యాహ్నం మొదటి పీరియడ్. బోర్డు మీద రాస్తుంటే మొదలవుతుంది. వెనక్కి తిరిగేసరికి ముఖం ఎర్రగా ఉంటుంది కదా, మేడంకి కోపమొచ్చిందని పిల్లలంతా గప్‌చుప్. అదొక్కటే లాభం. నాకు రెండు విషయాలు పనికొచ్చాయి. ఒకటి, సింథటిక్ చీరలు పక్కన పెట్టి కాటన్ కట్టుకోవడం. రెండు, స్టాఫ్‌రూంలో పొగలు కక్కే చాయ్‌ని స్టీలు గ్లాసులో పట్టుకుని ఊదుకుంటూ తాగే అలవాటు మానడం. చల్లారాక తాగుతున్నా. రుచి లేదు, కానీ క్లాసులో కొంత నయం. ఎప్పుడొస్తోంది, దానికి ముందు ఏం తిన్నారు అని ఓ పాత డైరీలో రాసుకోండి. అందరికీ ఒకటే కారణం ఉండదు.

ఇంటాయన_సూర్యాపేట
ఇక్కడ ఆడవాళ్ల మధ్య మాట్లాడొచ్చో లేదో. మా ఇంట్లో చలికాలం కూడా ఫ్యాన్ అయిదు మీద తిరుగుతుంది. నేను మంకీ క్యాప్, స్వెటర్ వేసుకుని, మీద రగ్గు కప్పుకుని పడుకుంటున్నా. రాత్రి నన్ను చూసి మా మనవడు జడుసుకున్నాడు. నవ్వులాటకి అనట్లేదు, మనిషి నిద్రలేక చిక్కిపోతోంది, చిన్న మాటకే ఏడుస్తోంది. దీనికీ దానికీ సంబంధం ఉందా?

జొన్నరొట్టె
ఆయనకి రగ్గు, ఆవిడకి మజ్జిగ 😀

పాత_స్టాఫ్‌నర్స్ (మహబూబ్‌నగర్)
సూర్యాపేట అన్నా, సంబంధం ఉంది. రాత్రి చెమటలకి నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే చిరాకు, ఏడుపు. పైగా ఈ వయసులో హార్మోన్ల ఎగుడుదిగుడుకి మనసు కూడా కుంగుతుంది. దాన్ని "పిచ్చి మాటలు" అనుకుని వదిలేయకండి. వేరే ఫ్యాన్ కొని ఆమె వైపు పెట్టి, మీరు పక్క గదిలో పడుకున్నా తప్పులేదు.

ఇక మిల్లు మేడం అడిగిన దానికి. గైనిక్ వార్డులో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి చెబుతున్నా. ఇది కడుపులో వేడి కాదు, రక్తంలో వేడి కాదు. మెదడులో హైపోథలామస్ అని ఒక భాగం ఉంది. ఒంటి వేడిని చూసుకునేది అదే. ఇస్త్రీపెట్టెలో వేడి ఎక్కువైతే టక్కున ఆగే ఏర్పాటు ఉంటుంది చూడండి, అలాంటిదనుకోండి. మామూలుగా ఒంటి వేడి కాస్త అటూ ఇటూ అయినా అది పట్టించుకోదు. అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గేసరికి ఆ సందు ఇరుకైపోతుంది. ఇంతంత వేడి పెరిగినా "ఒళ్లు కాగిపోతోంది" అని పొరబడి చర్మంలో రక్తనాళాలు తెరిచేస్తుంది, చెమట పట్టిస్తుంది, గుండె దడదడలాడుతుంది. చెమట ఆరేసరికి అసలు వేడి పడిపోయి చలి. సాధారణంగా ఒక్కోటి 1 నుంచి 5 నిమిషాలు.

ఎన్నాళ్లు అంటే, అమెరికాలో ఆడవాళ్లని ఏళ్ల తరబడి వెంబడించి చూసిన పెద్ద అధ్యయనంలో సగం మందికి 7 ఏళ్లు దాటి ఉన్నాయి. నెలసరి ఇంకా వస్తుండగానే మొదలైన వాళ్లకి ఎక్కువ కాలం. కొందరికి ఏడాదిలో పోతాయి, కొందరికి అసలు రావు. మీ అత్తమ్మకి వచ్చి పోయాయంటే అది ఆమె అదృష్టం. మీకూ అట్లాగే పోవాలని రూలేం లేదు.

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతేనే మెనోపాజ్ అంటారు. మన దేశంలో సగటున 46, 47కే వచ్చేస్తుంది. పాశ్చాత్య దేశాల్లో 51 దాకా పోతుంది. మీకింకా అప్పుడప్పుడూ వస్తోంది కాబట్టి ఒక మాట చెవిలో వేస్తున్నా: ఇంకా గర్భం రావచ్చు. "ఇక మనకేంటి" అనుకుని 47లో కడుపుతో వచ్చిన వాళ్లని చూశాను.

మిల్లు_లెక్కలు
అమ్మో, ఆ చివరి మాటకే ఇంకో సెగ వచ్చింది సిస్టరమ్మా.

జొన్నరొట్టె
సిస్టర్ గారూ, వేడి లేదంటారు బానే ఉంది. మరి కోడిగుడ్డు, బొప్పాయి తింటే నాకు ఎందుకు ఎక్కువవుతోంది? తరతరాలుగా అనుభవం మీద చెప్పిన మాట ఊరికే పోదు కదా.

పాత_స్టాఫ్‌నర్స్ (మహబూబ్‌నగర్)
ఎక్కువైతే మానుకో తల్లీ, నీ ఒంటి సంగతి నీకు తెలుసు. మజ్జిగ తాగొద్దని ఎవరన్నారు? ఎండల్లో తాగాల్సిందే. కానీ గుడ్లు, మాంసం, పాలు అన్నీ "వేడి" అని మానేస్తే ఈ వయసులో కండ, ఎముక ఏమవుతాయి? మెనోపాజ్ తర్వాత మొదటి కొన్నేళ్లలో ఎముక జోరుగా అరిగిపోతుంది. అసలే మనది ఫ్లోరైడ్ నేల. మర్రిగూడ వైపు మోకాళ్ల నొప్పి అనగానే "నీళ్ల వల్లే" అని వదిలేస్తారు. ఇంకో చిక్కేమంటే, ఫ్లోరైడ్ ఎక్కిన ఎముక స్కానింగ్‌లో గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ పెళుసుగా ఉంటుంది. రాగి జావ, నువ్వులు, పెరుగు, పొద్దుటి ఎండ, నడక. వేడి పేరు చెప్పి తిండి మానొద్దు.

ఎర్రమట్టి (అచ్చంపేట)
అందరూ 48, 50 అంటున్నారు. నాకు ఈ సెగలు మొదలైనప్పుడు 34.

తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పి అని చూపించుకోవడానికి పోయిన. స్కానింగ్ తీసి "గర్భసంచి చెడిపోయింది, ఉంచితే కాన్సర్ అవుతుంది" అన్నారు. ఇద్దరు పిల్లలు పుట్టారు కదా, ఇక దాంతో పనేంటి అన్నారు. మా ఊళ్లో నా వయసు వాళ్లకి చాలామందికి తీసేశారు, అందుకే నాకూ భయం అనిపించలేదు. అప్పు చేసి చేయించుకున్నం. దాంతోపాటు అండాశయాలు కూడా తీశారని నాకు ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చిన వారంలోనే మొదలైనయి. పత్తి చేలో పొద్దున ఏరుతుంటే కూలబడిపోయేదాన్ని. ఒడిలో పత్తి నా చెమటకే తడిసిపోయేది, తూకం కాడ మేస్త్రీ నీళ్లు చల్లినవా అని అనుమానంగా చూసేవాడు. ఎండదెబ్బ అన్నారు, గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు. కార్డు మీద రాసింది చదివి అసలు సంగతి చెప్పింది చాలా ఏళ్ల తర్వాత మా ఆశా అక్క.

ఇక్కడ చదువుకున్నోళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. నాకిప్పుడు 41. ఇంక మందు పనిచేస్తదా, టైం అయిపోయిందా?

టీచరమ్మ_జడ్చర్ల
ఎర్రమట్టి చెల్లె, చదువుతుంటే కడుపు రగిలిపోయింది. మా స్కూల్ ఆయాకీ ఇదే జరిగింది, దాదాపు ఇవే మాటలు చెప్పి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువ జరిగే రాష్ట్రాల్లో ముందు వరసలో ఉన్నవి ఆంధ్ర, తెలంగాణలే. తెల్లబట్టకి, నడుం నొప్పికి గర్భసంచి తీయడం ఏమిటి?

పాత_స్టాఫ్‌నర్స్ (మహబూబ్‌నగర్)
ఎర్రమట్టి, టైం ఏమీ అయిపోలేదు. వయసు వల్ల ఆగిపోతే హార్మోన్ మెల్లగా తగ్గుతుంది. అండాశయాలు తీసేస్తే ఒక్క రోజులో పడిపోతుంది, అందుకే నీకంత తీవ్రంగా వచ్చింది. 45 లోపు ఇలా జరిగిన వాళ్లకి, రొమ్ము కాన్సర్ లాంటి అడ్డంకి లేకపోతే, మామూలుగా మెనోపాజ్ వచ్చే వయసు దాకా హార్మోన్ ఇవ్వడమే పద్ధతి. సెగల కోసమే కాదు, ఎముకలకీ గుండెకీ కూడా. గర్భసంచి లేదు కాబట్టి నీకు ఈస్ట్రోజెన్ ఒక్కటే సరిపోతుంది. ఆపరేషన్ కాగితాలు, డిశ్చార్జి కార్డు పట్టుకుని జిల్లా ఆసుపత్రి గైనిక్ ఓపీకి వెళ్లు. కార్డు లేకపోయినా వెళ్లు. అండాశయాలు ఉన్నాయో లేదో స్కానింగ్‌లో, రక్తపరీక్షలో తెలుస్తుంది.

అండాశయాలు ఉంచి గర్భసంచి ఒక్కటే తీసిన వాళ్లు కూడా గుర్తుంచుకోండి, మెనోపాజ్ కొంత ముందుగా రావచ్చు. నెలసరి ఉండదు కాబట్టి వచ్చిన సంగతి సెగలతోనే తెలుస్తుంది.

పట్టుచీర_గద్వాల
హార్మోన్ మాత్రలా? వద్దమ్మా వద్దు. రొమ్ము కాన్సర్ వస్తుందని పేపర్లో ఎప్పుడో చదివా. మా డాక్టరమ్మ కూడా "నాచురల్‌గా పోనివ్వండి" అంది. పెళ్లిళ్లలో పట్టుచీర కట్టుకుని ఫోటోలప్పుడు చెమటలు కారితే టిష్యూ పేపరు అద్దుకుంటా, అంతే.

హైటెక్_కూతురు (ఊరు వనపర్తి, ఉండేది హైదరాబాద్)
గద్వాల అత్తా, ఆ భయం 2002 నాటిది. అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరిశోధనలో రెండు హార్మోన్లు కలిపి ఇచ్చిన భాగాన్ని ఆ ఏడాది మధ్యలో ఆపేశారు. రొమ్ము కాన్సర్ కేసులు ఏడాదికి ప్రతి 10,000 మందిలో సుమారు 8 ఎక్కువ కనిపించాయి. కానీ అందులో ఆడవాళ్ల సగటు వయసు 63. సెగలు మొదలైన 48 ఏళ్ల మనిషి లెక్క వేరు. ఈస్ట్రోజెన్ ఒక్కటే తీసుకున్న, గర్భసంచి లేని వాళ్లలో రొమ్ము కాన్సర్ పెరగనే లేదు. ఆ తర్వాత లెక్కలన్నీ మళ్లీ తిరగేసి, 60 ఏళ్ల లోపు లేదా మెనోపాజ్ వచ్చిన 10 ఏళ్ల లోపు మొదలుపెడితే, ఆరోగ్యంగా ఉన్న చాలామందికి కీడు కన్నా మేలే ఎక్కువని తేల్చారు. మా అమ్మ కోసం ఇదంతా చదివా, పరీక్షకి కూడా ఇంత చదవలేదు.

పట్టుచీర_గద్వాల
నీ చదువు నీది. 8 మందిలో ఒకదాన్ని నేనైతే? నాకు టిష్యూనే ముద్దు.

పాత_స్టాఫ్‌నర్స్ (మహబూబ్‌నగర్)
గద్వాల వదిన మాట కూడా కొట్టిపారేయలేం, ఆమె బాధ ఓర్చుకునేంతే ఉంటే మందు ఎందుకు? నిద్ర, పని పాడవుతున్న వాళ్ల సంగతి వేరు. రొమ్ము కాన్సర్ వచ్చిన వాళ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టిన వాళ్లు, పక్షవాతం, గుండెపోటు వచ్చిన వాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు, ఎందుకో తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లు మామూలుగా హార్మోన్ తీసుకోకూడదు. గర్భసంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ ఒక్కటే అస్సలు తీసుకోకూడదు, ప్రొజెస్టెరాన్ అనే ఇంకో హార్మోన్ తోడుండాలి, లేకపోతే గర్భసంచి లోపొర మందమై కాన్సర్‌కి దారితీయొచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే సరుకు కాదిది.

వేపచెట్టు_నీడ
మా అక్కకి రొమ్ము కాన్సర్ ఆపరేషన్ అయింది, జబ్బు మళ్లీ రాకుండా టామోక్సిఫెన్ అనే మాత్ర వేసుకుంటోంది. దానికే సెగలు. ఇలాంటి వాళ్లకి దారే లేదా?

హైటెక్_కూతురు (ఊరు వనపర్తి, ఉండేది హైదరాబాద్)
ఉంది. డిప్రెషన్‌కి ఇచ్చే వెన్లాఫాక్సిన్, నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్ లాంటివి తక్కువ మోతాదులో సెగల్ని తగ్గిస్తాయి. పరోక్సెటిన్ కూడా సెగలకి ఇస్తారు, కానీ అది టామోక్సిఫెన్ పనిని అడ్డుకుంటుంది, మీ అక్కకి వద్దు. కాన్సర్ డాక్టర్‌నే అడగాలి. ఇవి కాక మెదడులో ఆ వేడి సంకేతాన్నే ఆపే కొత్త మాత్ర ఫెజోలినెటాంట్‌కి అమెరికాలో 2023 మేలో అనుమతి వచ్చింది. అందులో హార్మోన్ లేదు, కానీ లివర్ పరీక్షలు చేయిస్తూ వాడాలి.

సర్వరోగ_నివారిణి_99
అక్కలూ టెన్షన్ వద్దు!! మా శక్తి చూర్ణం వాడండి, 21 రోజుల్లో మెనోపాజ్ వెనక్కి, యవ్వనం తిరిగి ముందుకి!! ఇన్‌బాక్స్‌లోకి రండి

టీచరమ్మ_జడ్చర్ల
మోడరేటర్ గారూ, మళ్లీ వచ్చాడు.

సాగర్_కట్ట
ఆ చూర్ణం ముందు నీ బట్టతలకి రాసుకో బాబూ.

కల్లు_మండువా
ఆదివారం ఈత కల్లు తాగితే రాత్రి దుప్పటి పిండేటట్టు చెమటలు వస్తున్నయి. కల్లు సల్లదనం కదా, ఎందుకట్ల?

పాత_స్టాఫ్‌నర్స్ (మహబూబ్‌నగర్)
కల్లయినా, బీరైనా మందు మందే. రక్తనాళాలు తెరుచుకుంటాయి, సెగ వస్తుంది. ఇంకో ముచ్చట మన పాలమూరు వాళ్లకే చెప్పాలి. రోజూ తాగే కల్లులో అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిసి ఉంటే, ఒక పూట ఆపగానే చెమటలు, వణుకు, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. దాన్ని మెనోపాజ్ అనుకుని ఇంట్లో కూర్చోవద్దు, సొంతంగా ఒక్కసారే ఆపొద్దు, ఆసుపత్రికి రావాలి. అలాగే బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకునే వాళ్లకి ముఖం ఎర్రబడి వేడెక్కడం మాత్ర వల్ల కూడా ఉంటుంది, కాళ్ల వాపు కూడా ఉంటే అనుమానించండి. మాత్ర ఆపేయకండి, డాక్టర్‌కి చెప్పండి. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే ఉంటుంది. షుగర్ మందు వేసుకునే వాళ్లకి రాత్రి షుగర్ పడిపోయినా చెమటలే. చెమటలతో పాటు సాయంత్రం జ్వరం, దగ్గు, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష.

ఇంటాయన_సూర్యాపేట
మా ఆవిడది థైరాయిడ్ అని తేలింది, గుళిక మొదలుపెట్టారు. మంకీ క్యాప్ ఇంకా తీయలేదు.

టీచరమ్మ_జడ్చర్ల
ఎవరూ అడగలేదు గానీ నేనే చెబుతా. సెగలతోపాటు కింద పొడిబారడం, మంట, మాటిమాటికీ మూత్రం కూడా ఇందులో భాగమే. సెగలు ఏళ్లు గడిస్తే తగ్గుతాయి, ఇది తనంతట తగ్గదు. దానికి పైపూతగా వాడే ఈస్ట్రోజెన్ క్రీమ్ ఉంది, ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువ. సిగ్గుపడి యూరిన్ ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్ మింగుతూ పోకండి.

గాలిపంఖా (నకిరేకల్)
యోగా చెయ్యి, గట్టిగా ఊపిరి పీల్చి వదులు అన్నారు. చేశా. సెగలు ఏం తగ్గలేదు, నిమ్మళం మాత్రం వచ్చింది.

హైటెక్_కూతురు (ఊరు వనపర్తి, ఉండేది హైదరాబాద్)
పరిశోధనల్లో తేలిందీ దాదాపు అదే. ఊపిరి వ్యాయామాలు, సోయా, అవిసెగింజలతో సెగలు కచ్చితంగా తగ్గుతాయని చూపలేకపోయారు. బరువు ఎక్కువ ఉన్నవాళ్లు తగ్గితే సెగలు తగ్గడం కనిపించింది. కౌన్సెలింగ్ లాంటి సీబీటీ పద్ధతితో బాధపడడం తగ్గుతుంది.

మిల్లు_లెక్కలు
అప్‌డేట్. మంగళవారం పీహెచ్‌సీకి పోయాను. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో మెనోపాజ్ కూడా ఉందని అక్కడే తెలిసింది. బీపీ, షుగర్, థైరాయిడ్ చూసి జిల్లా ఆసుపత్రికి రాశారు. అక్కడ రొమ్ము పరీక్ష, స్కానింగ్ అయ్యాక ఈస్ట్రోజెన్ జెల్ ఇచ్చారు. పొద్దున చేతికి రాసుకుని ఆరేదాకా చీర తగలకుండా నిలబడాలి. మా పిల్లలకి అదో సినిమా. రాత్రి ప్రొజెస్టెరాన్ గుళిక. మాత్రల కన్నా జెల్‌తో రక్తం గడ్డకట్టే భయం తక్కువని చెప్పారు. సెగలు పూర్తిగా పోలేదు, కానీ జాకెట్టు మార్చుకోకుండా తెల్లారుతోంది. జొన్నరొట్టె గారూ, మజ్జిగ కూడా తాగుతున్నా, మీరు నొచ్చుకోకండి.

జొన్నరొట్టె
జెల్ సగం, మజ్జిగ సగం. వాటా నాకూ రాయండి.

ఎర్రమట్టి (అచ్చంపేట)
నేనూ పోయి వచ్చిన. కార్డు చూసి డాక్టరమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. పరీక్షలు రాసింది. వచ్చే వారం మళ్లీ రమ్మంది.

పాత_స్టాఫ్‌నర్స్ (మహబూబ్‌నగర్)
తప్పకుండా పో. బస్సు చార్జీకి వెనకాడకు, ఆడవాళ్లకి ఆర్టీసీ ఫ్రీనే కదా.

కొత్తిమీర (దేవరకొండ)
చిన్న డౌటు. మా పిన్నికి 54. రెండేళ్ల కింద పూర్తిగా ఆగిపోయాయి, సెగలు కూడా తగ్గాయి. మొన్న కొంచెం రక్తం కనిపించింది. "మళ్లీ వయసొచ్చింది" అని అందరికీ చెప్పి నవ్వుతోంది. సెగల మందేమీ వాడట్లేదు. మామూలేనా?

పాత_స్టాఫ్‌నర్స్ (మహబూబ్‌నగర్)
మామూలు కాదు. ఏడాది ఆగాక ఒక్క చుక్క కనిపించినా చూపించుకోవాల్సిందే. చాలాసార్లు చిన్న కారణమే ఉంటుంది, కానీ గర్భసంచి కాన్సర్ మొదట బయటపడేది ఇలాగే. స్కానింగ్‌లో లోపొర మందం చూస్తారు, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. తీరుబడి చూసుకుని కాదు, రేపే తీసుకెళ్లు.

కొత్తిమీర (దేవరకొండ)
రేపు ఊళ్లో పెళ్లి ఉంది, రానంటోంది. ఎల్లుండి పొద్దున మొదటి బస్సుకి నేనే దగ్గరుండి నల్లగొండ తీసుకుపోతా.

పట్టుచీర_గద్వాల
పెళ్లి మానిపించు. రేపే పోండి.